ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక పొగ రీడింగ్ ఇలా ఎందుకు మారింది?

అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ 125 సీసీ బైకు, కార్బొరేటర్ బండి. పోయిన వారం పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్తే రీడింగ్ వింతగా వచ్చింది. రెండేళ్ల క్రితం కార్బన్ మోనాక్సైడ్ 2.4 శాతం ఉండేది, ఇప్పుడు 0.8. సంతోషించేలోపే హైడ్రోకార్బన్లు (కాలకుండా బయటికొచ్చే ఇంధనం) 700 పీపీఎం నుంచి 1,900కి ఎక్కాయి. పరిమితి 4,500 కాబట్టి పాసయ్యింది, అది వేరే సంగతి.

నాకు అర్థమైనంతవరకు, ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అందుకే పెట్రోల్ ఇంకాస్త పూర్తిగా కాలి కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. కొత్త బీఎస్-6 బండ్లలో ఆక్సిజన్ సెన్సార్ చూసుకుని ఇంధనం పెంచుతుంది. నా బండికి ఆ తెలివి లేదు, కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే చిన్న రంధ్రం, అంటే పాత జెట్, ఎంత వదిలితే అంతే. గాలి-పెట్రోల్ మిశ్రమం మరీ పల్చబడి (పెట్రోల్ పాలు తగ్గి), ఐడిల్‌లో (బండి నిలిపి ఇంజిన్ ఆన్‌లో ఉంచినప్పుడు) సరిగ్గా అంటుకోక మిస్‌ఫైర్ అవుతోందేమో, కాలని పెట్రోల్ అలాగే బయటికి పోతోందేమో అని నా అనుమానం. పొద్దున స్టార్ట్ చేస్తే వణుకుతోంది కూడా.

మెకానిక్ మాత్రం "పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ విప్పాల్సిందే" అంటున్నాడు. ఆయిల్ కాలితే వచ్చే నీలం పొగ లేదు, ఆయిల్ తగ్గట్లేదు, మరి రింగులెలా పోతాయి?

కార్బొరేటర్‌లో గాలి పాళ్లు మార్చే ఎయిర్ స్క్రూ సర్దితే సరిపోతుందా, లేక ఐడిల్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ ఒక సైజు పెద్దది వేయాలా? అలా చేస్తే కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ ఎంత పెరుగుతుంది? ఇలాంటి పాత బండికి చేయించి, ముందూ తర్వాతా రీడింగ్ తీసుకున్నవాళ్లు ఉంటే దయచేసి అంకెలతో చెప్పండి.