నొప్పి మాత్రలు చీటీ లేకుండా అమ్మవచ్చా?

నడకపిచ్చి: ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్ లాంటి మాత్రలు డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని వేరే చర్చలో ఎవరో రాశారు. చదవగానే ఒళ్లు మండింది. మోకాళ్ల నొప్పితో ఏళ్లుగా వేగుతున్నదాన్ని. కడుపు నిండా తిన్నాకే వేసుకుంటాను, ఇంతవరకు ఏమీ కాలేదు. మీరేమంటారు?

గడియారం: ఇంతవరకు!

శేషు: ముందు ఆ ‘తిన్నాకే’ సంగతి చూద్దాం. మాత్ర కడుపు గోడకు తగిలి పుండు పడుతుందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. మందు రక్తంలో కలిశాక కాక్స్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఆ ఎంజైము తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తగ్గి నొప్పి, వాపు దిగుతాయి. కానీ కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవీ అవే. అందుకే ఇంజెక్షన్‌గా తీసుకున్నా పుండు పడొచ్చు. తిని వేసుకుంటే వికారం తగ్గుతుందేమో, పుండు పడదన్న భరోసా లేదు.

నడకపిచ్చి: మరి పెట్టె మీద ‘ఆహారంతో తీసుకోండి’ అని ఎందుకు రాస్తారండీ? వాళ్లకు తెలియకనా?

శేషు: పెట్టె మీద ఇంకా చాలా ఉంటాయి. సొంతంగా వాడే పెద్దవాళ్లు ఐబుప్రొఫెన్ రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటొద్దని, డాక్టర్‌ను అడగకుండా నొప్పికి 10 రోజులకు మించి వాడొద్దని కూడా ఉంటుంది. మీరేమో ఏళ్లుగా అంటున్నారు.

నడకపిచ్చి: ఏళ్లుగా ఉన్నది నొప్పి. మాత్ర రోజూ వేసుకుంటానని ఎక్కడన్నాను? అనని మాట అంటగట్టకండి.

పాతకాపు: పారాసెటమాల్ వేసుకుంటే పోయేదానికి ఇంత గొడవా?

మందులషాపు: పాతకాపు గారూ, అది వాపు తగ్గించదు. మోతాదు మించితే లివర్‌కు ముప్పు.

కౌంటర్ వెనక నిలబడేవాడిగా నాదో మాట. జలుబు మాత్రలో ఐబుప్రొఫెన్ ఉందని చూసుకోకుండా, ఒళ్లు నొప్పులకు అదే మందు ఇంకో పేరుతో అడుగుతారు. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ వాడేవాళ్లు దానికి ముందే ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని దెబ్బతింటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం భయం. ఇవన్నీ ఎవరో ఒకరు అడగాలి. చీటీ పెట్టినంత మాత్రాన అడుగుతారా? రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్రను చీటీ మీదే అమ్మేవారు. గుండెపోటు ముప్పు బయటపడి 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

శేషు: ఆ లెక్కన బ్రిటన్‌లో 2015లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలను చీటీ కిందికి ఎందుకు మార్చినట్టు? అదీ గుండె ముప్పు వల్లే కదా.

నడకపిచ్చి: శేషు గారూ, మీకు మోకాళ్లు బాగున్నట్టున్నాయి. మెట్లు దిగలేక ఏడ్చినవాళ్లకు చట్టాలు చెప్పడం తేలికే.

శేషు: మా నాన్నకు నడుం నొప్పి. బీపీ మాత్ర, నీరు పోవడానికి ఇంకో మాత్ర వాడేవారు. విరేచనాలై నీరసంగా ఉన్న వారంలోనే షాపులో నొప్పి మాత్ర కొని వేసుకున్నారు. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లింది. ‘ఇంకేం మందులు వాడుతున్నారు’ అని అమ్మినవాడు అడగలేదు. తేలికేనటండీ నాకు!

గడియారం: ఇద్దరూ కాస్త తగ్గండి.

నడకపిచ్చి: మీ నాన్నగారికి అలా జరగడం బాధాకరమే. నా సంగతీ వినండి. చూపించుకోవడానికి వెళ్తే ‘వయసమ్మా, బరువు తగ్గు’ అని పంపేశారు. మోకాలు ముట్టుకుని కూడా చూడలేదు. నా నొప్పి నిజమేనని ముందు వాళ్లను నమ్మించాలి, ఆ తర్వాత మాత్ర కోసం అడుక్కోవాలి. నాకు కోపం దాని మీద. తిన్నాకా, తినకముందా అన్నది మీరు పట్టుకున్నారు.

శేషు: తిన్నాకే అని మొదలుపెట్టింది మీరే. సరే, అనుమతి అడుక్కోమనడం లేదు. అడిగే మనిషి ఒకరుండాలి అంటున్నాను.

మందులషాపు: అయితే నేనే అడుగుతున్నా. నడకపిచ్చి గారూ, బీపీకి ఏమైనా వాడుతున్నారా?

నడకపిచ్చి: టెల్మిసార్టన్. దానికీ దీనికీ ఏం సంబంధం?

మందులషాపు: సంబంధం ఉందమ్మా. నొప్పి మాత్ర బీపీని పెంచగలదు. టెల్మిసార్టన్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం, నీరు పోయే మాత్ర కూడా తోడైతే ఇంకా ఎక్కువ. కిడ్నీల పనితీరు తెలియడానికి ఒకసారి క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించుకోండి. వాంతులు, విరేచనాలు అయిన రోజు ఈ మాత్రల జోలికి వెళ్లొద్దు. విరేచనం తారులా నల్లగా వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలికైతే డైక్లోఫెనాక్ జెల్ గురించి అడిగి చూడండి, రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది.

నడకపిచ్చి: పరీక్ష చేయించుకుంటాను, జెల్ సంగతీ అడుగుతాను. ఈ ప్రశ్న ఇంతవరకు ఏ డాక్టరూ అడగలేదు, రాసిపెట్టుకోండి. చీటీ ఉండాలంటే మాత్రం ఒప్పుకోను.

శేషు: నేనూ నా మాట మీదే ఉన్నాను. రిపోర్టు వచ్చాక ఇక్కడ చెప్పండి.