కవాసాకి మన పిల్లలకు వస్తుందా? అయిదో రోజు జ్వరం మీద వాదన

రాయగడ క్లినిక్: కవాసాకి, అదే రక్తనాళాలు వాచే జ్వరం, జపాను పిల్లల జబ్బండీ. అక్కడ అయిదేళ్లలోపు లక్ష మందిలో ఏటా 300 పైనే. మన రాయగడ, కొరాపుట్‌లలో జ్వరం, దద్దుర్లు అంటే ముందు మలేరియా, తట్టు, స్క్రబ్ టైఫస్ (పురుగు కుట్టి వచ్చే జ్వరం). ప్రతి బిడ్డనీ ఎకో (గుండె స్కాను) కోసం విశాఖ రైలెక్కిస్తామా?

గుణుపురం వార్డు: మలేరియా కిట్ మొదటి రోజే వేయండి, ఎవరొద్దన్నారు? 1967లో ఈ జబ్బు గురించి మొదట రాసిన డాక్టరు కవాసాకి జపాను ఆయన, జబ్బు మాత్రం అన్ని జాతుల్లోనూ ఉంది. నూటికి 80 మంది అయిదేళ్లలోపు వాళ్లే, మగపిల్లలు కొంచెం ఎక్కువ. అయిదు రోజుల జ్వరం, పుసి కట్టని ఎర్రకళ్లు, పగిలిన పెదాలు, దద్దుర్లు, వాచిన చేతులూ పాదాలూ, మెడలో ఒకవైపు గడ్డ. పుసి కడితే అది కళ్లకలకే అనుకోండి.

పర్లాకిమిడి ల్యాబ్: ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నాయని కొట్టేయకండి, అవి పెరిగేది రెండో వారంలో. వేళ్ల కొసల తోలు ఊడేది ఇంకా ఆలస్యం. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) యూనిట్ కూడా చూసుకోండి: పుస్తకంలో 3 మిల్లీగ్రాములని ఉండేది డెసిలీటరుకి, అంటే లీటరులో పదో వంతుకి; మన రిపోర్టులో లీటరుకి. అంటే 30.

రాయగడ క్లినిక్: సరే, ఆ లక్షణాల్లో రెండే ఉంటే?

గుణుపురం వార్డు: అసలు దెబ్బ అక్కడే. ఆరు నెలల్లోపు బిడ్డలో లక్షణాలు తక్కువ, గుండె రక్తనాళాలు ఉబ్బే ముప్పు ఎక్కువ. అలాంటి బిడ్డకి కారణం దొరకని జ్వరం ఏడు రోజులుంటే సీఆర్‌పీ, ఎకో చేయించాల్సిందే. ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఎర్రగా ఉబ్బిందేమో చూడండి, చొక్కా విప్పితే చాలు. వైద్యం లేకపోతే నలుగురిలో ఒకరికి దాకా నాళాలు ఉబ్బుతాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కిస్తే నూటికి నలుగురైదుగురికే. కిలోకి 2 గ్రాములు. పది కిలోల బిడ్డకి 5 గ్రాముల సీసాలు నాలుగు, 10-12 గంటలు.

రాయగడ క్లినిక్: నాలుగు సీసాల ఖరీదు కూలివాళ్లకి చెప్పి చూడండి! అందుకే నేను ముందు చంకలో, గజ్జల్లో స్క్రబ్ నల్లపెచ్చు వెతుకుతాను, అనుమానముంటే అజిత్రోమైసిన్ మొదలుపెడతాను.

గుణుపురం వార్డు: పెట్టండి, తప్పులేదు. 48 గంటల్లో జ్వరం దిగకపోతే మాత్రం రైలే.

టీకాల నర్సు: ఐవీఐజీ ఎక్కించిన తేదీ టీకా కార్డు మీద రాసి పంపండి సార్. ఆ తర్వాత ఎంఆర్ (తట్టు-రుబెల్లా టీకా) 11 నెలలు ఆగాలి. కార్డులో లేకపోతే 16 నెలలు నిండగానే ఇక్కడ రెండో డోసు పొడిచేస్తారు.