పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫిల్ముపై ముద్రించిన వెండి గీతలు వంచగానే చిట్లుతున్నాయి, ఏం చేయాలి?

నమస్కారం. మాది వరంగల్ దగ్గర మిర్చి పండించే ఊరు. బస్తాలో తేమ ఎంతుందో రైతే చూసుకునేలా పలుచని సెన్సర్ చేయాలని ఆరు నెలలుగా కష్టపడుతున్నాను.

నానో వెండి సిరాను (అతి సూక్ష్మమైన వెండి కణాలున్న సిరా) ఇంక్‌జెట్ ప్రింటరుతో పెట్ ఫిల్ముపై ముద్రిస్తున్నాను. రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలో ఒకటి దూరినట్టుండే గీతలు అవి. ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే గోధుమ రంగు పోయి వెండి మెరుపు వస్తుంది. గీత ఈ చివర నుంచి ఆ చివరకు నిరోధం 9 ఓమ్‌లు. అది చూసినప్పుడు ఎంత సంతోషమో!

కానీ పెన్సిలుకు 20 సార్లు చుట్టి విప్పేసరికి ఆ నిరోధం వందల్లోకి పోతోంది. భూతద్దంలో చూస్తే, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. వేడి 150కి పెంచితే ఫిల్ము అప్పడంలా ముడుచుకుపోయింది. పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ ఫిల్మయితే ఆ వేడిని తట్టుకుంటుంది గాని, రైతుకు అంత ఖరీదు పెట్టలేను.

వేడికి బదులు ఉప్పునీటితో కణాలను అతికించే పద్ధతి ఎవరైనా చేసి చూశారా? క్లోరైడ్ అయాన్లు కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా వాటి చుట్టూ ఉన్న పొరను తొలగిస్తాయి, సరే. మిగిలిపోయిన ఉప్పు తేమను పీల్చి కొలతను చెడగొట్టదా? ఒక మందపు పూత కన్నా రెండు పలుచని పూతలు మేలా? చేతితో చేసి చూసినవారు దయచేసి చెప్పండి.