సిడ్నీ రోడ్డులో పట్టాలు మార్చే రోజుల్లో కోబర్గ్ నుంచి ఆసుపత్రికి ఎలా వెళ్లాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మేము మెల్‌బోర్న్‌లో కోబర్గ్ దగ్గర ఉంటున్నాము. మా అమ్మగారిని 19వ నంబరు ట్రాములో రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రికి తీసుకువెళుతుంటాను. సిడ్నీ రోడ్డులో పట్టాలు మారుస్తున్నందువల్ల కొన్నాళ్లు ట్రాము మధ్యలోనే ఆగుతుందని, మిగతా దూరం బస్సులో వెళ్లాలని స్టాపులో నోటీసు పెట్టారు. తవ్వేది నాలుగు వీధుల మేర మాత్రమే అయినప్పుడు ట్రామును అంత ముందుగా ఎందుకు ఆపేస్తున్నారు? రాత్రిపూట పని చేసుకుని పగలు నడపకూడదా? ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఏ దారి మేలో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
ట్రాము ఎక్కడ ఆగాలన్నది తవ్విన గొయ్యిని బట్టి కాక, దానికి దగ్గరలో ఉన్న క్రాసోవర్‌ను, అంటే ఒక లైను నుంచి పక్క లైనుకు మారే అడ్డపట్టాలను బట్టి నిర్ణయమవుతుందండీ. మెల్‌బోర్న్ ట్రాములకు రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్లు, రెండు పక్కలా తలుపులు ఉంటాయి కాబట్టి బండిని గుండ్రంగా తిప్పవలసిన పని లేదు. డ్రైవరు ఒక చివర నుంచి రెండో చివరకు నడిచి వెళ్లి కూర్చుంటే చాలు, వచ్చిన వైపే తిరిగి వెళ్లవచ్చు. అయితే పక్క పట్టాల మీదికి మారడానికి క్రాసోవర్ ఉండి తీరాలి, అది ప్రతి స్టాపు దగ్గరా ఉండదు. దీనికి తోడు పైనున్న తీగలో 600 వోల్టుల డీసీ విద్యుత్తు పారుతుంటుంది. దాని కింద ఎక్స్‌కవేటరు పని చేయాలంటే ఆ సెక్షను మొత్తానికి సరఫరా ఆపాలి. అందువల్ల నాలుగు వీధుల పని కోసం అంతకంటే చాలా పొడవున ట్రాము లేకుండా పోతుంది. జర్మనీలో కొన్ని నగరాలలో ఉన్న పట్టాల మీదనే తాత్కాలిక క్రాసోవర్‌ను అమర్చి, ఒకే లైనులో రెండు వైపులా ట్రాములు నడుపుతారు. కానీ కార్లూ ట్రాములూ ఒకే వరుసలో నడిచే సిడ్నీ రోడ్డు వంటి ఇరుకు వీధిలో అది చాలా కష్టమని నా అభిప్రాయం.

ఇక రాత్రి పని సంగతి. మన దేశంలో రైలు పట్టాలు చాలావరకు కంకర మీద ఉంటాయి కనుక కొన్ని గంటలు బ్లాకు తీసుకుని, అంటే ఆ లైనులో బండ్లు ఆపి పట్టాలు మార్చి, మళ్లీ బండ్లు వదలవచ్చు. ఇక్కడ పట్టాలను రోడ్డుతో సమానంగా కాంక్రీటులో పాతిపెట్టారు. పాత కాంక్రీటును రంపంతో కోసి ఎత్తివేసి, అడుగు చదును చేసి, స్లీపర్లు పరిచి, రెండు పట్టాల మధ్య 1,435 మిల్లీమీటర్లు ఉండేలా సరిచూసి, ఆ తరువాత వెల్డింగ్ చేస్తారు. పట్టాల కొనల మధ్య చిన్న సందు వదిలి, చుట్టూ అచ్చు బిగించి, పైన మూసలో, అంటే వేడికి తట్టుకునే పాత్రలో అల్యూమినియం పొడినీ ఐరన్ ఆక్సైడునూ రగిలిస్తే కరిగిన ఉక్కు ఆ సందులోకి దిగుతుంది. చల్లారాక అచ్చు పగులగొట్టి, ఉబికిన లోహాన్ని తీసివేసి, చక్రం నడిచే తలాన్ని సానపడతారు. ఆ సాన సరిగా లేకపోతే వెళ్లే ప్రతి చక్రమూ అక్కడే కొట్టుకుని కొత్త పట్టా కూడా త్వరగా పాడవుతుంది. చివరగా పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా దానిమీద ట్రామును వదలకూడదు. తెల్లవారేసరికి పూర్తయ్యే పని కాదు కనుకనే కొన్ని రోజులు ఏకధాటిగా మూసివేసి, పగలూ రాత్రీ చేస్తారు.

సమాధానం 2:
దారి గురించి నేను చెబుతాను. ఆసుపత్రి అపాయింట్‌మెంటుకు బస్సును నమ్ముకోవద్దని నా సలహా. పని జరిగే చోట కార్లు బారులు తీరుతాయి, బస్సూ వాటి మధ్యే ఇరుక్కుంటుంది. సిడ్నీ రోడ్డుకు సమాంతరంగా అప్‌ఫీల్డ్ రైలు మార్గం ఉంది. కోబర్గ్, మోర్‌ల్యాండ్ స్టేషన్లను 2020లో ఎత్తు మీద కొత్తగా కట్టినప్పుడు లిఫ్టులు పెట్టారు. కోబర్గ్‌లో రైలెక్కి మెల్‌బోర్న్ సెంట్రల్‌లో దిగండి. అక్కడి నుంచి భూగర్భంలోనే స్టేట్ లైబ్రరీ స్టేషనుకు దారి ఉంది. సన్‌బరీ వైపు వెళ్లే రైలెక్కితే తరువాతి స్టేషనే పార్క్‌విల్, ఆసుపత్రి దాని పక్కనే ఉంటుంది. 2025 నవంబరు 30న మెట్రో టన్నెల్ అనే భూగర్భ రైలు మార్గం తెరిచాకనే ఈ సౌకర్యం వచ్చింది. సిటీ దాకా వెళ్లి కొంత వెనక్కి రావలసి ఉంటుంది కానీ మెట్లు ఎక్కే బాధ లేదు. అప్‌ఫీల్డ్ రైళ్లు ట్రాములంత తరచుగా రావు, కనుక బయలుదేరే ముందు వేళలు తప్పక చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మగారు స్టేషను దాకా నడవలేని రోజున ఏం చేయాలండీ?

సమాధానం 2:
అటువంటి రోజున బస్సే మంచిది. సిడ్నీ రోడ్డులో చాలా స్టాపులకు ఎత్తు ప్లాట్‌ఫారాలు లేవు కనుక ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి నడిచి, ట్రాము మెట్లు ఎక్కాలి. ట్రాముకు బదులుగా నడిపే బస్సు ఫుట్‌పాత్ అంచునే ఆగుతుంది. లోఫ్లోర్ బస్సయితే ఆమెకు మామూలు రోజులకంటే ఎక్కడం సులువవుతుంది. అయితే బస్సు అన్ని ట్రాము స్టాపులలోనూ ఆగకపోవచ్చు. తాత్కాలిక స్టాపు వీధి మలుపుకు అవతల ఉండే వీలుంది కాబట్టి, ముందు రోజు సాయంత్రం మీరొక్కరే వెళ్లి బోర్డు ఎక్కడ పెట్టారో, అక్కడ కూర్చునే బెంచీ ఉందో లేదో చూసి రండి. బస్సు దిగాక మళ్లీ ట్రాము ఎక్కవలసి వస్తే, ఆ రెండు స్టాపుల మధ్య ఎంత దూరం నడవాలో కూడా అప్పుడే చూసుకోండి.