బీర పిందెలు రాలిపోతున్నాయి, బాబు దిగులు పడుతున్నాడు

ప్రశ్న (కూకట్‌పల్లి):
మావాడు మూడో తరగతి. మిద్దె మీద గ్రో బ్యాగులో వాడిచేతే బీర గింజలు పెట్టించాను. పాదు బాగా పాకింది, పూలూ విరగబూస్తున్నాయి. పిందెలు మాత్రం చిటికెన వేలంత ఉండగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. వాడికి ఏడుపొక్కటే తక్కువ. ఏం చేయాలి? నీళ్లు పోయించడం కాక ఇంకేం నేర్పొచ్చు?

జవాబు (బయాలజీ టీచర్, తెనాలి):
అమ్మా, నేర్పాల్సింది ఆ రాలిన పిందెలోనే ఉంది. బీరలో మగపూలు, ఆడపూలు వేరువేరు. మగపూలు గుత్తిగా వస్తాయి. ఆడపువ్వు ఒంటరిగా, కింద బుల్లి బీరకాయతో సహా పుడుతుంది. ఈ తేడా మీరు ముందే చెప్పేయకండి, వాణ్ణే వెతకనివ్వండి. నేను బోర్డు మీద పరాగ సంపర్కం బొమ్మ గీస్తే తలూపి ఊరుకునే పిల్లలు, బడి వెనక పాదు దగ్గర ప్రశ్నలతో ఊపిరాడనివ్వరు.

బీరపూలు విచ్చేది సాయంత్రం. మిద్దెల మీద ఆ వేళకి తేనెటీగలు అంతగా రావు, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి చేరదు, అందుకే పిందె నిలవదు. ఐదు దాటాక వాణ్ణి పైకి తీసుకెళ్లండి. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, పుప్పొడి వేలికి అంటుతోందో లేదో చూడమనండి. అంటితే ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. దానికి రంగు దారం కట్టించి, తేదీ నోటుబుక్కులో రాయించండి. ఇంకో ఆడపువ్వుని అలాగే వదిలేయమనండి. ఏది నిలిచిందో వాడే చూసుకుంటాడు. రోజూ స్కేలుతో కొలిపించండి, లెక్కలూ వస్తాయి. అద్దినవాటిలోనూ ఒకటీ అరా రాలతాయి, ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

జవాబు (రైతు, నంద్యాల వైపు):
పాదుకి పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) కనబడగానే మందు కొట్టకండి. ఆకుల వెనక నల్లగా, ముళ్లముళ్లుగా పాకేవి అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్లలు. పేనుబంకని తినేది అవే. తెలియక నలిపేస్తుంటారు. బాబుకి భూతద్దం ఇచ్చి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ సాయంత్రమే చూపిస్తాను. పక్కన గుమ్మడి కూడా ఉంది. దానికీ ఇదే వేళా, మేడమ్?

జవాబు (బయాలజీ టీచర్, తెనాలి):
కాదండీ. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. బడికి బయల్దేరేలోపే అద్దించాలి. సొరకైతే బీరలాగే సాయంత్రం.