స్టార్ ట్రెక్ పాత సిరీస్ డిస్కులు: అమెరికా నుంచి ఏ సెట్టు తెప్పించుకోవాలి?

అమలాపురం అబ్బాయి:

గ్రూపులో అందరికీ నమస్కారం. మా బావగారు సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్నారు. ఏం తెమ్మంటారు మామగారూ అని ఎప్పుడు అడిగినా "ఏమీ వద్దు బాబూ, మీరొస్తే చాలు" అనే మా నాన్నగారు, ఈసారి ఠక్కున "స్టార్ ట్రెక్ దొరుకుతుందేమో చూడండి" అన్నారు. ఇంట్లో అందరం నోరెళ్ళబెట్టాం. అరవైల నాటి ఆ అమెరికా అంతరిక్ష సీరియల్ ఎనభైల్లో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు పక్కింటివాళ్ళ బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూసేవారట. కెప్టెన్ కిర్క్, కోసు చెవులాయన, గాల్లో మాయమై ఇంకోచోట తేలే మనుషులు, అన్నీ గుర్తున్నాయి ఆయనకి.

ఆన్‌లైన్‌లో వెతికితే నా తల తిరిగిపోయింది. 2004 డీవీడీ, 2008 డీవీడీ, బ్లూ-రే, ఇంకేదో హెచ్‌డీ డీవీడీ. ఒకచోట రీమాస్టర్డ్ అని, ఇంకోచోట ఒరిజినల్ అని. సగం మంది అభిమానులు కొత్త గ్రాఫిక్స్ అదిరిపోయాయంటారు, మిగతా సగం మంది గుళ్ళో విగ్రహానికి ఎనామిల్ పెయింట్ వేసినట్టు తిట్టిపోస్తున్నారు. నాకు గొడవలొద్దు. ఏది కొనమనాలి? మన దగ్గర కొన్న ప్లేయర్లో ఆడుతుందా? మా ఇల్లు కాలవ పక్కనే, వర్షాకాలం వస్తే బీరువాలో బట్టలే ముక్కవాసన కొడతాయి, డిస్కులు నిలుస్తాయా? నాన్నగారికి వినికిడి కొంచెం తక్కువ, అదీ చూసుకోవాలి.

తణుకు 79:

బ్లూ-రే సెట్టు తెప్పించుకోండి. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, 20 డిస్కులు. ఎందుకో చెప్తాను.

ఈ సిరీస్ 1966 సెప్టెంబరు 8 నుంచి 1969 జూన్ 3 దాకా అమెరికాలో ఎన్‌బీసీ అనే టీవీ ఛానల్లో వచ్చింది. 2006లో నలభయ్యో ఏడాది వచ్చిందని సీబీఎస్ వాళ్ళు మొత్తం సిరీస్‌ని మళ్ళీ శుభ్రం చేయించి, కథలోని అంతరిక్ష ఓడ కనిపించే షాట్లు, గ్రహాలు, ఆయుధాల కాంతులు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో కొత్తగా చేయించారు. టైటిల్ సంగీతం కూడా మళ్ళీ రికార్డు చేశారు. రీమాస్టర్డ్ అంటే ఇదే. మీరు చదివిన తగువంతా ఆ కొత్త షాట్ల గురించే.

2009లో వచ్చిన బ్లూ-రేలో పాతవీ కొత్తవీ రెండూ ఉన్నాయి. మెనూలో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. డీవీడీల్లో ఆ సుఖం లేదు. 2004 నాటి పసుపు, నీలం, ఎరుపు ప్లాస్టిక్ డబ్బాల్లో పాత షాట్లే ఉంటాయి. తర్వాత రీమాస్టర్డ్ అని వచ్చిన డీవీడీల్లో కొత్తవే ఉంటాయి. స్ట్రీమింగ్‌లో మామూలుగా దొరికేది కూడా కొత్తదే. అంటే పాతదీ కొత్తదీ ఒకే చోట, మంచి క్వాలిటీలో కావాలంటే బ్లూ-రే తప్ప దారి లేదు.

ఒక్క జాగ్రత్త. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా మొదటి సీజన్ హెచ్‌డీ డీవీడీ సెట్టు కనబడుతుంది, 2007 నాటిది. ఆ ఫార్మాట్ 2008లోనే చచ్చిపోయింది, బ్లూ-రే ప్లేయర్ దాన్ని చదవదు. ఆ డిస్కుకి రెండోవైపు మామూలు డీవీడీ ఉంటుంది గానీ, దానికోసం ఎవరు మోసుకొస్తారు? బావగారికి "బ్లూ-రే" అని స్పష్టంగా రాసి పంపండి. అమెరికాలో షాపులో నిలబడి ఫోన్ చేస్తారు, అప్పటికి మనకి అర్ధరాత్రి.

పాలకొల్లు మాస్టారు:

బాబూ, సెట్టు విషయంలో తణుకు వారి మాటే నా మాట. పెట్టేటప్పుడు మాత్రం నాన్నగారికి పాత షాట్లతోనే పెట్టండి.

అభిమానులు ఊరికే పట్టుబట్టడం లేదు. ఆ రోజుల్లో ఓడని ఒక ఫిల్ము మీద, నక్షత్రాలని ఇంకో ఫిల్ము మీద తీసి, ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రంలో రెండింటినీ కలిపి మూడో ఫిల్ము మీదకి ఎక్కించేవారు. కలిపిన ప్రతిసారీ బొమ్మలో ఇసుకలాంటి రేణువు పెరుగుతుంది, బొమ్మ మెత్తబడుతుంది, దుమ్ము చేరుతుంది. అందుకే బ్లూ-రేలో మనుషుల ముఖాలు నిన్న తీసినట్టుండి, ఓడ రాగానే ఒక్కసారి మసకబారుతుంది. డిస్కు పాడైందని భయపడకండి, 1966లోనే అది అంత.

కానీ ఆ ఓడ నిజం ఓడ. పదకొండడుగుల మోడల్, చెక్కతో ప్లాస్టిక్‌తో చేసింది. ఇప్పటికీ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి విమానాల మ్యూజియంలో ఉంది. దానిమీద లైటు పడే తీరులో ఒక బరువుంటుంది. 2006 గ్రాఫిక్స్‌లో ఆ బరువు రాలేదు. పైగా ఆ కొత్తవాటికే ఇప్పుడు ఇరవయ్యేళ్ళు, కొన్ని షాట్లు అప్పటి వీడియో గేమ్‌లా కనిపిస్తున్నాయి. పాతది పాతదిగా ఉంటే ముచ్చటగా ఉంటుంది. కొత్తది పాతబడితే ఎటూ కాకుండా పోతుంది.

ఇంకోటి. నాన్నగారు చూసింది బ్లాక్ అండ్ వైట్‌లో అన్నారు కదా. అయితే ఆయనకి అసలు విందు రంగుల్లో ఉంది. కిర్క్ వేసుకున్న చొక్కా బంగారు రంగులో కనిపిస్తుంది చూడండి, ఆ గుడ్డ నిజానికి ఆకుపచ్చలోకి తిరిగే రంగు. లైట్లకీ ఫిల్ముకీ అది పసుపుగా పడింది. బ్లూ-రేలో మొదటి రెండు సీజన్లలో ఆ వెల్వెట్ లాంటి గుడ్డ నూగు కూడా తెలుస్తుంది. మూడో సీజన్‌లో గుడ్డ మార్చేశారు, ఉతికితే కురచైపోతోందని. నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేయడం వల్ల దొరికిన లాభం ఇది. పాత షాట్లు పెట్టినా కొత్త షాట్లు పెట్టినా ఈ లాభం పోదు.

భీమవరం చెరువుగట్టు:

మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ అంతా ఒప్పుకోను. "ది డూమ్స్‌డే మెషీన్" ఎపిసోడ్ తీసుకోండి. అందులో దెబ్బతిన్న రెండో ఓడ బజార్లో అమ్మే ఏఎంటీ కంపెనీ ప్లాస్టిక్ కిట్టుతో చేసింది, పిల్లలు జిగురు పెట్టి అతికించుకునే రకం. కాల్చి, వంచి కెమెరా ముందు పెట్టారు. కొత్త వెర్షన్‌లో ఆ ఓడ ఒంటిమీద ప్రతి చిల్లూ తెలుస్తుంది, కథలో గ్రహాల్ని తినే గొట్టంలాంటి యంత్రం ఎంత పెద్దదో అప్పుడు గానీ అర్థం కాదు. కథ రాసినవాడు ఊహించింది అదే కదా. డబ్బు లేక అప్పుడు తీయలేకపోయారు.

మా పిల్లలకి పాత వెర్షన్ పెడితే పది నిమిషాలకి ఫోన్లలోకి వెళ్ళిపోయారు. కొత్తది పెడితే కూర్చున్నారు. చూసేవాడు కూర్చోవాలి ముందు, స్వచ్ఛత తర్వాత.

పాలకొల్లు మాస్టారు:

ఆ ఒక్క ఎపిసోడ్ మీకు వదిలేస్తున్నానండి. అది నేనూ కొత్తదే చూస్తాను. మిగతా 78 నావి. పిల్లలు ఫోన్లలోకి వెళ్ళడానికి గ్రాఫిక్సే కారణమంటే మాత్రం ఒప్పుకోను, ఆయ్.

రాజోలు కోడలు:

గొడవ తర్వాత, ముందు టీవీ సంగతి చూడండి. మా మామగారి కోసం ఇదే సెట్టు తెప్పించాం కాబట్టి చెప్తున్నాను.

ఈ సిరీస్ పాత టీవీల కొలతలో, నాలుగుకి మూడు నిష్పత్తిలో తీసింది. ఇప్పటి టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు రావాలి. చాలా టీవీలు దాన్ని లాగి తెర నింపేస్తాయి, కిర్క్ గారికి పదికిలోలు పెరిగినట్టుంటుంది. రిమోట్‌లో పిక్చర్ సైజు "ఒరిజినల్" అనో "4:3" అనో పెట్టండి. నల్లపట్టీలు చూసి "సగం టీవీ పోయిందేంటమ్మా" అంటారు పెద్దవాళ్ళు. మా మామగారూ అన్నారు. రెండో ఎపిసోడ్‌కి ఆ మాటే మర్చిపోయారు.

అలాగే మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగ్ ఒకటుంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్ని ఆపేయండి. లేకపోతే మన సాయంత్రం సీరియల్‌లాగా జారిపోతూ కనిపిస్తుంది, ఫిల్ము అందం మొత్తం పోతుంది.

సౌండ్‌కి డిస్కులో రెండు దారులున్నాయి. ఎనిమిది స్పీకర్ల కోసం కొత్తగా చేసిన 7.1 ఒకటి, అంతా ఒకే దారిలో వచ్చే అసలు మోనో ఒకటి. మీకు హోమ్ థియేటర్ లేకపోతే, ముఖ్యంగా వినికిడి తక్కువైనవాళ్ళకి మోనోయే నయం. 7.1ని టీవీ రెండు స్పీకర్లలో వినిపిస్తే ఓడ హోరు పెరిగి మాటలు అడుగున పడతాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి, మా మామగారు అవి చదువుకుంటూనే అన్నీ చూశారు.

అమలాపురం అబ్బాయి:

అక్కా, చాలా థాంక్స్. సబ్‌టైటిల్స్ ఉన్నాయంటే సగం టెన్షన్ తీరింది. ఇప్పుడు ప్లేయర్ సంగతి. మా దగ్గర డీవీడీ ప్లేయరే ఉంది. బావగారిని ప్లేయర్ కూడా అక్కడే కొనమంటే మంచిదా?

కాకినాడ రిపేరు షాపు:

అస్సలు వద్దు బాబూ. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లేయర్ వెనక స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటేనే సూటిగా పెట్టాలి. 120 మాత్రమే అని ఉన్నది పెడితే పొగొచ్చి నా దగ్గరకే వస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాన్నొకదాన్ని టీవీ పక్కన మోయడం ఎందుకు?

రీజియన్ గొడవ ఒకటుంది, అంటే ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడకుండా వేసే తాళం. డీవీడీలకి అమెరికా 1, మనం 5. బ్లూ-రేకి అమెరికా ఎ, మనం సి. ఈ బ్లూ-రే సెట్టుకి రీజియన్ తాళం లేదు, కాబట్టి ఇక్కడ కొన్న బ్లూ-రే ప్లేయరైనా ఆడిస్తుంది, మీ డీవీడీ ప్లేయర్ మాత్రం ఆడించదు. సెట్టు కొనేముందు డబ్బా వెనక గుర్తు ఒకసారి చూడమనండి, ఎ ఒక్కటే ఉంటే ఆగమనండి. ఇంట్లో పిల్లలకి డిస్క్ పెట్టే ప్లేస్టేషన్ 4 గానీ 5 గానీ ఉంటే వేరే ప్లేయర్ అక్కర్లేదు, అదే బ్లూ-రే ఆడిస్తుంది. డిస్కు అర లేని మోడల్ అయితే కుదరదు. కంప్యూటర్‌కి బ్లూ-రే డ్రైవు తగిలిస్తే చాలనుకోకండి, విండోస్ దానంతట అది బ్లూ-రే సినిమా ఆడించదు, డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలి.

ఇక చెమ్మ. మన డెల్టాలో డిస్కులకి గీతల కన్నా బూజు పెద్ద శత్రువు. శ్రావణం ముసురు పట్టాక, గోడకి ఆనించిన బీరువాలోంచి తీసిన డిస్కుని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. వెంట్రుక కన్నా సన్నగా, చెట్టు వేళ్ళలాగా చీలిపోతూ తెల్లటి గీతలు కనిపిస్తాయి. నా దగ్గరకి వచ్చే "డిస్కు ఆగిపోతోంది" కేసుల్లో సగం అదే. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది. పొరల మధ్యకి దిగితే ఇంక చేసేదేమీ లేదు. డీవీడీలో సమాచారం డిస్కు మందానికి సరిగ్గా మధ్యలో, 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో పైనుంచి 0.1 మిల్లీమీటరే. అందుకని దానిమీద గట్టి పూత వేస్తారు. ఆ పూత గీతల్ని బాగానే ఆపుతుంది గానీ, దాని ధైర్యంతో చొక్కా అంచుకేసి రుద్దకండి.

తుడవాలంటే మంచినీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తిప్పితే సమాచారం ఉన్న దారి వెంటే గీత పడుతుంది, ప్లేయర్ దాన్ని సరిదిద్దుకోలేదు. అడ్డంగా పడ్డ గీతని దాటేయగలదు.

డబ్బాల్ని పుస్తకాల్లా నిలబెట్టండి, గోడకి జానెడు దూరంగా. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడితే ఇంకా మంచిది. రంగు మారే రకం కొనండి, రంగు మారినప్పుడు వేడి చేసి మళ్ళీ వాడొచ్చు. బట్టల్లో వేసినట్టు కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. ప్లేయర్ కూడా వర్షాకాలంలో అప్పుడప్పుడూ ఆన్ చేస్తుండండి. ఊరికే పడుంటే లోపల లెన్సుకీ బూజు పడుతుంది.

భీమవరం చెరువుగట్టు:

కాకినాడ వారు చెప్పింది అక్షరాలా నిజం. మాది చెరువుల మధ్య ఇల్లు. పోయిన వానాకాలం ఒక డబ్బా మొత్తం పోయింది. రెండో అంతస్తులో పెట్టుకున్నాక బాగుంది.

అమలాపురం అబ్బాయి:

బావగారితో మాట్లాడాను. బ్లూ-రే మూడు సీజన్లూ తెస్తానన్నారు, కానీ సామానులో బరువు తగ్గించడానికి డబ్బాలు అక్కడే పారేసి డిస్కులు మాత్రం పౌచ్‌లో వేసుకొస్తానంటున్నారు. ఇంకోటి, ఎలాగూ అంతరిక్షంలోకి వెళ్తున్నాం కదా, స్టార్ ట్రెక్ తర్వాతి సిరీస్‌లు కూడా తేవాలా అని అడుగుతున్నారు.

కాకినాడ రిపేరు షాపు:

పౌచ్ వద్దు. మన చెమ్మకి ఆ ప్లాస్టిక్ జేబులు డిస్కుకి అతుక్కుంటాయి, లాగితే మచ్చ మిగులుతుంది. డబ్బాలతోనే, చేతి సామానులో తెమ్మనండి.

తణుకు 79:

తర్వాతివాటిలో ముందుగా "ది నెక్స్ట్ జనరేషన్" బ్లూ-రేలో తెప్పించుకోవచ్చు. 1987 నుంచి 1994 దాకా వచ్చింది. ఫిల్ము మీద తీసి, వీడియో టేపు మీద ఎడిట్ చేశారు. అందుకే బ్లూ-రే కోసం నెగటివ్‌లు వెతికి పట్టుకుని, ప్రతి ఎపిసోడ్ మళ్ళీ మొదటినుంచి కూర్చాల్సి వచ్చింది. 2012లో మొదలుపెట్టి 2014లో పూర్తి చేశారు. "డీప్ స్పేస్ నైన్", "వాయేజర్" కూడా అలాగే టేపు మీద ఎడిట్ చేసినవే. వాటికి అంత ఖర్చు ఎవరూ పెట్టలేదు, ఇప్పటికీ డీవీడీలే. నాన్నగారు అడిగింది కిర్క్ గారిని కాబట్టి ఇవన్నీ వచ్చే సంక్రాంతికి.

మూడో సీజన్ దొరకలేదని రెండింటితో సరిపెట్టొద్దని మాత్రం బావగారికి చెప్పండి. ఎన్‌బీసీ వాళ్ళు కాదన్న మొదటి పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, "ది కేజ్" ఆ సెట్టులోనే ఉంది. అందులో కెప్టెన్ కిర్క్ కాదు, జెఫ్రీ హంటర్ వేసిన పైక్. నాన్నగారికి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే డిస్కు మారిందనుకుంటారు.