యుద్ధకాలం నాటి నలుపు-తెలుపు ఫొటోలకు రంగు: ఏ బూడిద ఏ రంగో ఎలా తేల్చాలి?

హలసూరు_రవి (బెంగళూరు):
అసోసియేషన్ హాల్లో పెట్టడానికి రెండో ప్రపంచయుద్ధం నాటి మూడు ఫొటోలకు రంగు వేయాలి. మొదటిది యూనిఫాంలో ఉన్న జవాను స్టూడియో ఫొటో, ఛాతీ మీద ఒకే పతకం రిబ్బన్. ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. రెండోది హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆవరణలో విమానాలు: ఒకదాని మీద అమెరికా నక్షత్రం, ఇంకోదాని మీద బ్రిటిష్ వాళ్ల గుండ్రటి గుర్తు. మూడోది అప్పట్లోనే చేత్తో రంగులద్దిన దంపతుల ఫొటో. ఏఐ యాప్‌లో వేస్తే రిబ్బన్ మట్టిరంగులోనూ, గుండ్రటి గుర్తు మధ్యభాగం ఎర్రగానూ వచ్చాయి. నమ్మొచ్చా? స్కాన్ ఎలా చేయాలి?

మైలాపూర్_డార్క్‌రూమ్ (చెన్నై):
నమ్మొద్దండి. బూడిద ఎంత ముదురుగా ఉందన్నది రంగుతో పాటు ఫిల్మ్ రకాన్ని బట్టి కూడా మారుతుంది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనబడదు. అందుకే ఎరుపు దాదాపు నల్లగా, నీలం లేతగా వస్తాయి. అన్ని రంగులూ పట్టే పాంక్రొమాటిక్ ఫిల్మ్ మీద, అందులోనూ స్టూడియో బల్బుల వెలుతురులో, అదే ఎరుపు లేతగా వస్తుంది. కాబట్టి ముందు ఏ ఫిల్మో తేల్చాలి. పెదవులు నల్లబడి, ముఖం ఉన్నదానికంటే చామనగా కనిపిస్తే ఆర్థో అనుకోవచ్చు. దంపతుల ఫొటో కూడా అదే స్టూడియోదైతే ఆవిడ కుంకుమబొట్టు చూడండి. బాగా నల్లగా ఉంటే ఆర్థో, చర్మంలో కలిసిపోతే పాంక్రో. అది నల్లటి సాదు బొట్టు కాదని తెలిస్తేనే ఈ పరీక్ష పనికొస్తుంది, మళ్లీ దాని మీద రంగు అద్ది ఉండకూడదు కూడా.

ఒక్క రిబ్బనే ఉంది కాబట్టి మొదట 1939-45 స్టార్ (బ్రిటిష్ యుద్ధ పతకం) అయ్యే అవకాశం చూడండి. దాన్ని 1943 జూలైలో ప్రకటించారు. దాని మీద మూడు సమాన పట్టీలు ఉంటాయి: ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. ముదురు నీలం ఛాతీ మధ్య వైపు, లేత నీలం ఎడమ భుజం వైపు రావాలి. ఆర్థో అయితే మధ్య పట్టీయే అన్నిటికంటే నల్లగా ఉండాలి. క్రమం తిరగబడితే నెగెటివ్‌ని తిప్పి ప్రింట్ చేశారేమో, చొక్కా గుండీలు ఏ పక్కన ఉన్నాయో చూడండి. బర్మా స్టార్ అయితే మధ్యలో వెడల్పైన ఎరుపు, అటూ ఇటూ నీలంలో సన్నటి నారింజ గీత. అది 1945 మే నుంచే ఉంది కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదని అర్థం.

యూనిఫాం విషయంలో బూడిద మిమ్మల్ని గట్టెక్కించదు. ఖాకీ డ్రిల్, జంగిల్ గ్రీన్ రెండూ ఒకేలా పడతాయి. బర్మా సరిహద్దుకు వెళ్లిన దళాలు 1943 ప్రాంతంలో ఆకుపచ్చకు మారాయి. ఊళ్లో తీయించుకున్న స్టూడియో ఫొటోకి ఖాకీయే ఎక్కువ న్యాయం. అది కూడా చాకిరేవులో వెలిసిన ఖాకీ, కొత్త గుడ్డ రంగు కాదు.

ఓల్డ్_ఎయిర్‌పోర్ట్_రోడ్:
ఆ గుండ్రటి గుర్తు మధ్యలో ఎరుపు రావడం యాప్‌లు మామూలుగా చేసే తప్పు. జపాన్ విమానాల ఎర్ర గుండుతో పొరబడకుండా భారత్-బర్మా యుద్ధరంగంలోని బ్రిటిష్, భారత వైమానిక దళాలు ఎరుపు తీసేశాయి. మొదట దాని మీద తెలుపు పూశారు, తర్వాత ముదురు నీలం చుట్టూ, మధ్యలో లేత నీలం. మీ ప్రింట్‌లో మధ్యభాగం లేతగా ఉంటే ఎరుపు వేయకండి.

అమెరికా నక్షత్రం మధ్య ఎర్ర చుక్క 1942 మేలో పోయింది. రెండు పక్కలా తెల్ల పట్టీలు 1943 జూన్‌లో వచ్చాయి, అప్పుడు అంచు ఎరుపు. అదే ఏడాది సెప్టెంబరులో అంచు నీలమైంది. అయితే ఫీల్డ్‌లో పెయింట్ మార్చడానికి నెలలు పట్టేది కాబట్టి ఈ తేదీలతో ఫొటో 'ఇంతకు ముందుది కాదు' అని చెప్పొచ్చు, 'ఇంత తర్వాతది కాదు' అని చెప్పలేం. మ్యూజియంలో పెట్టిన విమానం రంగు చూసి నకలు చేయకండి, అది తర్వాత పూసిన పెయింట్. అమెరికా విమానాల ఒలివ్ రంగుకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని సుమారు 1,600 యుద్ధకాలపు కలర్ ఫొటోలు మంచి ఆధారం. అవి అప్పటి కలర్ ఫిల్మ్ మీద తీసినవే.

టి.నగర్_స్కానర్:
అద్దం నుంచి ఫొటో లాగొద్దు, బొమ్మ ఉండే జెలటిన్ పొర ఊడి అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయండి. సీసీడీ రకం (ఫోకస్ లోతు ఉన్న) ఫ్లాట్‌బెడ్ స్కానర్ కావాలి. సన్నగా ఉండే సీఐఎస్ స్కానర్‌కి ఫోకస్ లోతు ఉండదు, అద్దం మందానికే మసకబారుతుంది. స్కానర్ దొరక్కపోతే కెమెరాతో తీయండి: రెండు లైట్లు 45 డిగ్రీల్లో, అద్దంలో ప్రతిబింబం పడకుండా కెమెరా వెనక నల్లగుడ్డ.

నలుపు-తెలుపే అయినా కలర్‌లోనే, ఛానెల్‌కి 16 బిట్‌తో, చిన్న ప్రింట్‌కి 1200 డీపీఐ, టిఫ్‌గా. ఆటో కరెక్షన్ ఆపేయండి. పసుపు మరకలు నీలం ఛానెల్‌లో ఘోరంగా, ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనబడకుండా ఉంటాయి. ఎరుపు ఛానెల్ తీసుకుంటే సగం మరమ్మతు అయిపోయినట్టే. చేత్తో రంగేసిన ఫొటోకి మాత్రం ఈ పని చేయొద్దు, పెదవుల రంగు మాయమవుతుంది.

రంగు వేసేటప్పుడు ఒక్కో వస్తువుకు ఒక్కో లేయర్, బ్లెండింగ్ 'కలర్'లో. ఆర్థో ఫొటోలో ముఖం మీద నేరుగా చర్మం రంగు వేస్తే తుప్పు పట్టినట్టు వస్తుంది. ముందు కర్వ్‌తో (వెలుగునీడలు సవరించే టూల్) ముఖాన్ని కొంచెం లేత చేయండి, అదీ వేరే లేయర్‌లోనే. నీడల్లో రంగు తగ్గించి కాస్త నీలం కలపకపోతే బొమ్మ చదునుగా, పెయింట్ పూసినట్టు ఉంటుంది.

హలసూరు_రవి:
మూడో ఫొటోలో భర్త పతకం రిబ్బన్‌కి ఆకుపచ్చ వేశారు. సరిచేయనా?

మైలాపూర్_డార్క్‌రూమ్:
ముట్టుకోకండి. స్టూడియో పెయింటర్ దగ్గర ఉన్న రంగది. 10x లూప్‌తో (భూతద్దం) చూస్తే అంచులు దాటిన కుంచె గీతలు కనబడతాయి. తడి దూదితో తుడిచారంటే నీటిరంగు అయితే అక్కడికక్కడే పోతుంది. ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసి, కింద 'రంగులు స్టూడియోలో అద్దినవి' అని రాయండి. మొదటి రెండిటికీ అసలు ప్రింట్ పక్కనే పెట్టి 'ఇప్పుడు వేసిన రంగు' అని రాయాలి. ఫైల్ మెటాడేటాలో కూడా అదే ఎక్కించండి, వాట్సాప్‌లోకి వెళ్లాక మెటాడేటా ఉండదు కాబట్టి బొమ్మ మూలలోనూ వేయండి. 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ పేల్చిన మద్రాసు చమురు ట్యాంకుల మంటలు రంగుల్లో తిరుగుతున్నాయి కదా, ఏ గుర్తూ లేక వాటి గతి అదే. అప్పటి కలర్ ఫొటో పలక ఆటోక్రోమ్‌కు మంచి ఎండలోనే సెకనో అంతకన్నా ఎక్కువో ఎక్స్‌పోజర్ కావాలి. ఆ కాలం ఫొటోలో పరుగెత్తే మనిషి రంగుల్లో స్పష్టంగా కనిపిస్తే ఆ రంగు తర్వాత వేసిందే.